వాచీలో నలభై సెకండ్లు, తెర మీద రెండు

2004లో ధర్మపురి బస్టాండు వెనక మా కంప్యూటర్ సెంటర్ నడిపేదాన్ని. నేను చదివింది ఐదో క్లాసే. మిషన్లు వాడేవాళ్లను కనిపెట్టి చూడడమే నా పని. దుడ్డు పోసి సాఫ్ట్‌వేర్ కొనేదెందుకని వెనక మిషన్లో ఊరికే దొరికే లినక్స్ వేయించినాను.

బి. మల్లాపురం నుంచి వచ్చే కాలేజీ పిల్ల సుమతి ఆఖరి ఏడాది ప్రాజెక్టు దాని మీదే చేసింది. ఫ్లాపీలోని పేర్లను వరసగా పేర్చే ప్రోగ్రాం. కాలేజీ మిషన్లో నలభై సెకండ్లు చూపించిందంట, మా దగ్గర రెండే. అంకెలు దిద్దినావని సారు సంతకం పెట్టలేదు. సంతకం లేకపోతే ఏడాది పోయినట్టే.

"అవ్వా, ఇక్కడ రెండే వచ్చిందని సీలు వేసి లెటర్ రాసియ్యి."

"మా పాత మిషను కాలేజీదానికన్నా పరిగెత్తుతుందా? ఎవరి చెవిలో పూలు పెడతావే? నా ముందర నడిపించు."

వాచీ చూస్తా నిలబడినాను. నలభై సెకండ్లు పట్టింది. తెర మీద మాత్రం రెండు.

"దొంగదానా!" అన్నాను.

"నేను రాసింది కాదవ్వా! క్లాక్ అని అడిగితే సి భాషతో వచ్చే లైబ్రరీ చెప్పేది అది."

క్లాక్ అంటే ప్రోగ్రాంకు పట్టిన కాలం చెప్పే ఫంక్షన్. దాని వివరం మిషన్లోనే ఉంటే వెతికి చదివింది. "ఇది సీపీయూ టైం అవ్వా. ప్రాసెసర్ నా ప్రోగ్రాం కోసం పని చేసినంత సేపే లెక్క. ఫ్లాపీ కోసం కాచుకున్నది చేరదు. కాలేజీలో ఉండేది లినక్స్ కాదు, అక్కడి లైబ్రరీ గడిచిందంతా కలుపుతుందేమో."

"కరెంటు కోసం బావి కాడ కూర్చున్నది వదిలేసి, మోటారు తిరిగిందే చెప్పినట్టా?"

"అదే!"

నాకు నమ్మకం కుదరలేదు. మీట నొక్కేదాకా ఊరికే ఉండే చిన్న ప్రోగ్రాం రాయమన్నాను. మిషను ముట్టకుండా సుమతిని గోడ వైపు తిప్పి నిలబెట్టి, నేను కూర్చున్నాను.

"ఇంకా నొక్కలేదా అవ్వా?"

"నోరు మూసుకొని నిలబడు."

రెండు నిమిషాలకు నొక్కినాను. తెర మీద సున్నా.

లెటర్ ఇచ్చినాను గానీ అది అడిగినట్టు కాదు. పని రెండు సెకండ్లు, మొత్తం నలభై, రెండూ రాయించి సీలు వేసినాను. సారు అదే మీట పరీక్ష కాలేజీలో చేయించినాడంట. అక్కడ కాచుకున్న కాలమంతా వచ్చింది. సంతకం పెట్టినాడు.

అనుమానపడినందుకు నాకు సిగ్గు లేదు. అడక్కముందే దొంగ అన్నందుకు ఉంది. అంకె కుదరకపోతే, అది దేన్ని కొలిచిందని ముందు అడగాల. సుమతి మిఠాయి తెచ్చిస్తే తిన్నాను గానీ, దొంగ అన్నది తప్పని దాని మొహాన చెప్పలేకపోయినాను.