నేను చావనివ్వని లస్కరు

ఆరో పుస్తకం వచ్చింది. ఐదోదానికీ దీనికీ మధ్య రచయిత ఎనిమిదేళ్లు తీసుకున్నాడు. ఈలోపు నంద్యాల జిల్లా అయింది, నాకు బట్టతల అయింది. ఆయన లోకంలో మాత్రం ఒక్క చలికాలమే గడిచింది.

మా ఊళ్లో పుస్తకాల షాపులంటే పోటీ పరీక్షల గైడ్ల షాపులే కాబట్టి ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించుకున్నాను. పార్సిల్ తెచ్చినతను దాని బరువు చూసి "ఏ పరీక్షకు సార్?" అని గౌరవంగా అడిగాడు. సరదాకి అని చెప్పడానికి నోరు రాలేదు. "డిపార్ట్‌మెంటల్ టెస్టు" అన్నాను. ఆల్ ది బెస్ట్ చెప్పి వెళ్లాడు.

ఈ ఇంగ్లీషు కథలో ఒక కోట ఉంటుంది. కోటవాళ్లు మబ్బులను పట్టి గొలుసులతో బురుజులకు కట్టేసుకుంటారు. చెప్పినట్టు వినే ఊరికి అప్పుడప్పుడు ఒక మబ్బును వదులుతారు. వినని ఊరు ఎండిపోతుంది. ఐదు సంపుటాల్లో ఆ కోటను ఎవరూ కూల్చలేదు. కూల్చబోయినవాళ్లు మాత్రం వరసగా చచ్చిపోతూ వచ్చారు. ఇరవై ఏడేళ్ల వయసులో నాకు ఇందులో గొప్ప ఆశ కనిపించింది. అది ఏ పేజీలో కనిపించిందో ఇప్పుడు వెతికినా దొరకడం లేదు.

నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మా బావ, అంటే అక్క భర్త, దొర్నిపాడు దగ్గర సేద్యం చేస్తాడు. నాలుగెకరాలు, కాలువ చిట్టచివరి ఆయకట్టు. నీళ్లు అక్కడిదాకా వస్తే అది విశేషం, రాకపోతే మామూలు. ఎనిమిదేళ్ల కింద ట్రాక్టరు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. నంద్యాలలో ఆపరేషన్ చేయించి, మూడు నెలలు మా ఇంట్లోనే మంచం మీద పెట్టుకున్నాం. మొదటి వారం గోడ మీది క్యాలెండరు చదివాడు, వెనక వైపు రాశిఫలాలతో సహా. రెండో వారం నా మీద పడ్డాడు.

"ఏం సారూ, అంత లావు పుస్తకం సదువుతాండావ్, ఏముందప్పా దాంట్లో?"

మొదటి సంపుటం నుంచి చెప్పడం మొదలుపెట్టాను. మబ్బులను కట్టేసే చోట గొంతు కొంచెం తగ్గించాను, భయం కలగాలని.

"అంటే వంతులేసి వదుల్తారు" అన్నాడు.

"అవును బావా."

"మాట వినోనికి వదల్రు."

"వదలరు."

"సివర ఉన్నోనికి రానే రాదు."

"రాదు."

"దీనికి ఇంగ్లీషు యాలప్పా? మా ఊరికొస్తే నేనే సూపిస్తుంటి గదా."

రచయిత రెండు వందల పేజీలు కష్టపడి కట్టిన ఆ లోకం మా బావకు రెండు నిమిషాల్లో అలవాటైపోయింది. ఆయనకు నమ్మబుద్ధి కానిది ఒక్కటే, ఆ కథలోని ఒక ముసలాయన. ఎండిన కాలువ మీద తూము గేటుకు కాపలా ఉంటాడు. ఊరంతా వలస పోయినా తను పోడు. పొద్దున్నే లేచి గేటు మరచుట్లకు కొవ్వు పూస్తాడు, నీళ్లొచ్చిన రోజు గేటు తిరగాలి కదా అని. ఆయన ఉద్యోగానికి మన కాలువల మీద ఉన్న మాటే వాడి, లస్కరు అని చెప్పాను.

"రోజూ డ్యూటీకొచ్చే లస్కరా?" అన్నాడు బావ. "ఇప్పుడు తెలిసెప్పా, ఇది కట్టుకథే."

అన్నాడేగానీ మర్నాటి నుంచి ఇంకెవరి గురించీ అడగలేదు. రాజకుమారి చెర నుంచి తప్పించుకునే ఘట్టం ఊపిరి బిగబట్టి చెబుతుంటే, "ఆయమ్మ సంగతి మల్ల సూద్దాం, లస్కరు ఏం జేస్తాండాడు?" అనేవాడు.

ఐదో పుస్తకం చివర లస్కరు చచ్చిపోతాడు. కోట సైనికులు వచ్చి చంపరు. ఆయనకు అంత విలువ ఎవరూ ఇవ్వలేదు. గేటు మెట్ల మీద కాలు జారి, ఎముక విరిగి, లేవలేక, మూడో రోజుకు పోతాడు. రచయిత ఇందుకు నాలుగు వాక్యాలు ఖర్చుపెట్టాడు. ఆ పేజీకి వచ్చి తలెత్తి చూస్తే, ఎదురుగా మా బావ. తొడ దాకా కట్టు, రెండు దిండ్ల మీద కాలు.

"తర్వాత?" అన్నాడు.

"నీళ్లొచ్చినాయి బావా" అన్నాను. "మోకాటి లోతు. లస్కరు గేటు ఎత్తినాడు."

"తిరిగెనా గేటు?"

"వెన్న మాదిరి తిరిగె."

ఆ పూట అన్నం మారు వడ్డించుకున్నాడు. అనువాదకుడికి కొంత స్వేచ్ఛ ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

కట్టు విప్పిన వారానికి బావ వాళ్ల అన్న నంద్యాలలో విత్తనాల షాపు పెడుతూ, సగం భాగం ఇస్తాను వచ్చెయ్యమన్నాడు. కాలు ఎలాగూ అంతంత మాత్రం, కూర్చుని చేసే పని. బావ రానన్నాడు. "లస్కరే నిలబన్యాడు, నాకేం రోగం?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కొంచెం తక్కువ నవ్వాను.

ఆ షాపు ఇప్పుడు రెండంతస్తులు. బావ ఒక ఏడు శనగ వేశాడు, ఒక ఏడు మిరప వేశాడు, మధ్యలో బోర్లు వేశాడు. ఏది వేసినా ఎండే పద్ధతి ఒకటే.

ఈ ఏడు సోలార్ కంపెనీ వాళ్లొచ్చారు, పాతికేళ్ల కౌలుకు భూములు ఇమ్మని. అక్క ఫోన్ చేసింది.

"రేయ్, సుట్టూ అందరూ ఇచ్చేసినారు. నడిమిట్ల మనదొక్కటే. ఈయన కుంటుకుంటా పొయ్యి ఆ గట్టు మీద కూసుంటాడు. ఇచ్చేద్దామంటే లస్కరు అంటాడు. ఎవురా లస్కరు? నీ పుస్తకంలో ఉండాడంట గదా, ఆ ముసలోన్ని వచ్చి మిరప్పైరుకు నీళ్లు కట్టమను! వాని వల్ల నా కొంప ఆరిపాయె."

పుస్తకం తెరిచాను. మొదటి పేజీలోనే లస్కరు సమాధి. రెండో అధ్యాయంలో కోట మీద ఒక గొలుసు తెగుతుంది. తిరుగుబాటు వల్ల కాదు, పాతబడి. మబ్బు తప్పించుకుంటుంది, వాన పడుతుంది, ఎండిన కాలువకు నిజంగానే నీళ్లొస్తాయి. గేటు తెరుచుకోదు. కొవ్వు పూసేవాడు లేక ఒక్క చలికాలానికే తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నీళ్లు కాసేపు దాన్ని ఒరుసుకుని నిలబడి, గట్టు తెంచుకుని వాగులో పడి పోతాయి.

ఒకప్పుడు ఇలాంటి చోట పుస్తకం మూసి మిద్దె మీద పచార్లు చేసేవాణ్ణి. ఈసారి బాగా రాశాడనుకుని, బీపీ మాత్ర వేసుకున్నాను. వాక్యాల్లో పదును అలాగే ఉంది. తగ్గింది పాఠకుడే.

లస్కరు చచ్చాడన్నది ఈ సంపుటమంతా పరుచుకుని ఉంది. దాన్ని దాటేసి కథ చెప్పడం కుదరదు. చెప్పకుండా ఉండటమూ కుదరదు. నా అబద్ధం మీద నాలుగెకరాలు నిలబడి ఉన్నాయి. నిజం చెబితే బావ పట్టు వదిలి సంతకం పెడతాడు, అక్క ఊపిరి పీల్చుకుంటుంది అనుకున్నాను. ఫోన్ చేస్తే, ఏదో పని మీద ఆళ్లగడ్డ వస్తున్నానని ఆయనే అన్నాడు. గురువారం కాలేజీకి సెలవు పెట్టి బస్సెక్కాను.

బస్టాండు దగ్గరి హోటల్లో కూర్చున్నాం. పక్కన శిల్పాల షెడ్లలో రాయి కోసే మిషన్లు మోగుతున్నాయి, మాట్లాడాలంటే కొంచెం అరవాలి. బావ చేతిలో ప్లాస్టిక్ ఫైలు ఉంది. ఉగ్గాని, బజ్జీ చెప్పాడు.

"ఊ, చెప్పు సారూ. లస్కరు ఎట్లుండాడు?"

బస్సులో గంటసేపు తయారుచేసుకున్న ముందుమాట వదిలేశాను.

"బావా, లస్కరు లేడు."

"యాడికి పాయె?"

"సచ్చిపోయినాడు."

చేతిలో బజ్జీ కింద పెట్టాడు. "ఈ పుస్తకంలోనా?"

"పోయిన పుస్తకంలోనే. నేనే మార్చి చెప్పినా నీకు."

మిషను ఆగింది. మళ్లీ మొదలయ్యేదాకా ఆయన వేళ్లకంటిన నూనె కాగితానికి తుడుచుకున్నాడు.

"ఎట్ల సచ్చినాడు?"

"కాలిరిగి."

బావ టేబుల్ కిందికి వంగి తన కాలు చూసుకున్నాడు. "దీని కోసరమా మార్చింది?"

"ఊ."

"నీళ్లు?"

"అప్పుడు రాలే. ఇప్పుడొచ్చినాయి. గేటు తుప్పు పట్టి తెరుచుకోలే."

"ఒక్కడన్నా ఇంత కొవ్వు పుయ్యలేకపాయనా?"

"ఎవరూ లేరు బావా."

తల ఊపాడు. ఇదే సమయమనుకుని నేను అసలు సంగతి ఎత్తాను. "ఆయన కోసం నువ్వు పొలం పట్టుకుని ఉండక్కర్లేదు. అక్క మాట విని సంతకం పెట్టెయ్."

బావ ఫైలు నా వైపు జరిపాడు. "సోమారమే పెట్టినా. ఈ పొద్దు నా కాపీ ఇచ్చినారు."

"మల్ల అక్కతో ఇయ్యనంటాండావంట?"

"నోరు రాలేదప్పా." గ్లాసులో నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు. "అది కథని నాకు తెలీదా? నేనేమన్నా పిచ్చోన్నా? సంతకం పెట్టేటప్పుడు అనుకుంటి, నేను పోతే పోతి, ఆయప్పన్నా ఉండాడులే గేటు కాడ అని. అట్లనుకోనే పెడితి."

బరువు దించుదామని వచ్చినవాణ్ణి. సెలవు కూడా పెట్టి వచ్చాను.

దొర్నిపాడు బస్సు కదలబోతుంటే లేచాడు. బజ్జీ ఒక్కటీ తినలేదు. మెట్టు మీద మంచి కాలు పెట్టి, చేతులతో రెండో కాలు ఎత్తుకుంటూ, "మీ అక్కకు చెప్పాకు" అన్నాడు.

"సంతకమా?"

"అది నేను చెప్తాలే. లస్కరు సచ్చినాడని చెప్పాకు. రోజూ తిడ్తాంటాది ఆయప్పను. ఇంగ సేద్యం గూడా ల్యాకపాయె, తిట్టేకైనా ఒకడుండల్ల గదా."

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి అక్క ఫోన్.

"పెట్టినాడంటరా సంతకం. సోమారమే పెట్టినాడంట, దొంగ." గెలిచిన మనిషి గొంతు కాదు అది. "మంచిదేలే. పొద్దున్నే లేసి యాడికి పోతాడో ఏమో ఇంగ."

నేను చెప్పులు విప్పి కూర్చున్నాను.

"అది సరే గానీ, ఆ ముసలోడు ఉండాడా ఇంగా?"

"ఉండాడక్కా."

"గేటు కాడనే?"

"గేటు కాడనే."

"ఊరంతా పాయె, గొడ్డూ గోదా పాయె. రోజూ పూసేకి కొవ్వు యాడిదిరా వానికి?"

ఆరు సంపుటాల్లో రచయితకు రాని అనుమానం ఇది.

"ఎవరో తెచ్చిస్తాండార్లే అక్కా" అన్నాను.