కదలని ముల్లు

దయ్యాలనూ భూతాలనూ నేను ఎన్నడూ నమ్మలేదు. మా నాన్న రాయపూర్‌లో రైల్వే గార్డు. రైలు కింద పడ్డవాళ్ల కథలు వింటూ పెరిగాను. వాళ్లలో ఒక్కడూ తిరిగొచ్చి నాకు కనబడలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన రెండు మూడేళ్లకు, స్టేషన్ ఎదుట విమానం టిక్కెట్లు అమ్మే ఏజెన్సీలో గుమాస్తాగా చేరాను. రాయపూర్ నుంచి రైల్లో నాగపూర్ వెళ్లి అక్కడ విమానం ఎక్కాలి. టిక్కెట్టు రాసేటప్పుడే మనిషిని కాటా మీద నిలబెట్టి, బరువు ఫారంలో రాసి, నాగపూర్‌కు తంతి కొట్టాలి. అప్పటి విమానాలు చిన్నవి. బరువు తెలియనిదే ఎవరినీ ఎక్కించుకునేవారు కాదు.

మా బావకు మద్రాసులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. కాగితం ఆలస్యంగా అందింది, రైల్లో వెళితే తేదీ దాటిపోతుంది. రైల్వే పాసు మీద తప్ప ఎక్కడికీ కదలని కుటుంబాలు మావి. విమానం సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఇక నా గొప్పలకు అంతులేదు.

మర్నాడు మద్రాసుకు రెండు కంపెనీల విమానాలున్నాయి. ఒకటి నేరుగా వెళుతుంది, రెండోది హైదరాబాదులో ఆగి వెళుతుంది. నేరుగా వెళ్లేదానిలో చెవుల్లోకి దూది, చప్పరించడానికి పిప్పరమెంట్లు, వేడి కాఫీ ఇస్తారు. మర్యాదంటే వాళ్లదేనని ఊదరగొట్టి ఆ ఫారమే తీశాను.

బావ కాటా ఎక్కాడు. ముల్లు కదల్లేదు.

ఆయన్ని దించి నేనెక్కాను. నూట ఇరవై పౌన్లు చూపించింది. బావ మళ్లీ ఎక్కాడు. ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది.

“కాటా ఖరాబైనట్టుందిరా,” అన్నాడు బావ.

వెంట వచ్చిన మా అక్క ముఖం పాలిపోయింది. “ఒరే, నా మాటినరా. ఆ కంపెనీ వద్దు. రెండోదాని కాగితం రాయి.”

నవ్వాను గానీ చేతిలోని ఫారం పక్కన పెట్టేశాను. రెండో కంపెనీ ఫారం తీశాను. ఈసారి బావ ఎక్కగానే ముల్లు నూట నలభైకి వెళ్లి ఆగింది.

వాళ్లు వెళ్లిన అరగంటకు ఒక బియ్యం మిల్లు సేఠ్ వచ్చాడు. మద్రాసు ఆస్పత్రిలో ఉన్న తమ్ముణ్ణి చూడాలని, నేరుగా వెళ్లే విమానంలో సీటు కోసం రెండు రోజులుగా మా చుట్టూ తిరుగుతున్నాడు. బావ వదులుకున్న సీటు ఆయనకిచ్చాను. భారీ మనిషి. ఎక్కితే కాటా పలక కిర్రుమంది. ముల్లు మాత్రం కదల్లేదు.

చెబుదామని నోరు తెరిచాను. ఏమని చెప్పను? వెనకే యజమాని కూర్చుని ఉన్నాడు. మీ బరువెంతని సేఠ్‌నే అడిగాను.

“లిఖ్ లో బాబూ, దో సౌ,” అని నవ్వాడు.

రెండు వందల పౌన్లని రాశాను. సీటు దొరికిన సంతోషంతో ఆయన నా భుజం తట్టి వెళ్లాడు.

ఆ విమానం మద్రాసు చేరలేదు. బావ చేరాడు, ఉద్యోగమూ వచ్చింది.

తరువాత కాటాను విప్పించి చూపించాను. ఏ లోపమూ లేదన్నాడు మేస్త్రీ. అక్కడ పని మానేసే దాకా అది మళ్లీ ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆ రోజు ఏం జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇలాంటివి నమ్మనని ఈనాటికీ అందరితో అంటూనే ఉంటాను. కానీ బావ నిలబడినప్పుడు ఆ ముల్లును నమ్మాను. సేఠ్ నిలబడినప్పుడు, కాటా ఖరాబైందనుకున్నాను.