మాడిన అద్దాల విఠల్ సార్

విఠల్ సార్ ఇక లేరన్న వార్త, మంగళవారం పొద్దున అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర బస్సు దిగుతుండగా ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. కాసేపు ఎటు నడవాలో తోచలేదు. ఆటోవాళ్లు "ఏడికి మేడమ్?" అని అడుగుతున్నారు, నాకే తెలియదు, వాళ్లకేం చెప్పను? మొన్న ఆదివారమే కదా, అక్కడి ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య ఒక పాత కెమెరా కటకాన్ని కంటికి పెట్టుకుని, "సునీతమ్మా, ఇందులకెల్లి చూస్తే అబిడ్స్ మొత్తం నీళ్లల్ల తేలుతున్నట్లున్నది" అని మురిసిపోయారు! అంత నెమ్మదైన మనిషికి ఇంత తొందరేమిటి? దుఃఖం కంటే ముందు కోపమే వచ్చింది.

నాంపల్లి సందులో పుట్టి, అబిడ్స్‌లో తండ్రి నడిపిన కళ్లద్దాల దుకాణంలో గాజు అరగదీయడం నేర్చుకుని, ఆ విద్యతోనే మా లేజర్ ప్రయోగశాలలో చేరిన ధన్యజీవి ఆయన. పెద్ద పట్టాలేవీ లేవు. మహాశక్తిమంతమైన మా కిరణం దారిలోని అద్దం మీద కంటికి ఆనని మలినం ఉన్నా చాలు, అక్కడ మాడి మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఎందుకు పడిందో కనిపెట్టడం విఠల్ సార్ పని.

పని అన్నాను గానీ, చూసేవాళ్లకు అది పగటికలలాగే ఉండేది. మాడిన అద్దాన్ని ఏటవాలుగా పట్టుకుని, పక్కనుంచి టార్చి వేసి, నిశ్చలనేత్రాలతో కూర్చునేవారు. టీ చల్లారిపోయేది. ఏం చూస్తున్నారు సార్ అంటే "మబ్బులు" అనేవారు. మేం ముసిముసిగా నవ్వుకునేవాళ్లం. చివరికి అద్దం మీద ఒక్కసారి ఊదేవారు. ఆవిరి పట్టి, మెల్లమెల్లగా విడిపోయేది. నూనె అంటిన చోట అది విడిపోయే తీరే వేరు. అద్దాన్ని ఎవరైనా విసుక్కుంటే ఊరుకునేవారు కాదు. "తిట్టకున్రి. కాలింది అదే గదా, జర చెప్పనీయున్రి!"

నేను కాంట్రాక్టు మీద చేరిన తొలి ఏడాది, గాలి తీసేసిన ఉక్కు పెట్టెలో వరసగా మూడు అద్దాలు మాడిపోయాయి. బిగించింది నేనే. తొడుగు లేని చేత్తో ముట్టుకున్నానని మా అధిపతి తేల్చేశారు. శుక్రవారం సమావేశంలో నా ఉద్యోగానికి మంగళం పాడతారని అందరికీ తెలుసు. విఠల్ సార్ దగ్గరికి పోయి, "నేను ముట్టుకోలేదు సార్" అని ఏడ్చేశాను. "నువ్వు చెప్తే ఒప్పుకోరు బిడ్డా, అద్దం చెప్పాలె" అన్నారు తాపీగా. నాకు ఒళ్లు మండింది.

రెండు రోజులు ఆ మూడు అద్దాలతోనే గడిపారు. వేలిముద్రకైతే గీతలుండాలి, లేవు. ఉన్నదల్లా పలచని నూనెపొర, గాలిలోంచి వచ్చి వాలినట్టు. ఉన్నట్టుండి ఆయన చెయ్యి చెవి మీదికి పోయింది. పాత హైదరాబాదీల అలవాటు: అత్తరు అద్దిన చిన్న దూదిని చెవి మడతలో పెట్టుకోవడం. ఆయన తలదూర్చి అద్దాలు సరిచూస్తే ఆ పెట్టెలోనూ మల్లెల వాసనే. మాకు ఎంత అలవాటంటే, ఎవరికీ అనుమానమే రాలేదు. ఆ దూదినీ, శుభ్రమైన ఒక గాజుబిళ్లనూ డబ్బాలో పెట్టి మూత బిగించారు. గురువారం సాయంత్రం బిళ్లను తీసి ఊదారు. అవే మబ్బులు! అవి విడిపోయాక కూడా ఆయన ఆ బిళ్లనే చూస్తూ ఉండిపోయారు. రేపు సమావేశంలో ఈ సంగతి చెప్పండని అడగడానికి నాకు నోరు రాలేదు, వద్దనడానికి మనసు రాలేదు.

సమావేశంలో ఆ బిళ్లను బల్ల మీద పెట్టారు. "పిల్ల తప్పేం లేదు సార్. అద్దాలు మాడింది నాతోని. నా అత్తరుతోని."

"విఠల్, నువ్వా?"

"ఔ సార్, నేనే. ఊది చూడున్రి."

నా ఉద్యోగం నిలిచింది. ఆయనను మాత్రం పదవీ విరమణ దాకా లేజర్ గదిలోకి రానివ్వలేదు. ఆకుపచ్చని ఆ వెలుగు పక్కనే జీవితమంతా గడిపిన మనిషి, తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నాకు సిగ్గేసింది. "నా కోసం ఇంత..." అనబోతే అడ్డుపడ్డారు. "నీ కోసం కాదు బిడ్డా. కారణం దొరికినంక దాచిపెడితే, నేను గిన్నేండ్లసంది ఏం చూసినట్లు?"

నిన్న నాంపల్లిలో ఆ పుణ్యమూర్తిని సాగనంపి వచ్చాం. ఆయన నన్ను కాపాడారని అక్కడ అందరూ అన్నారు. నిజమే. కానీ ఇన్నేళ్లూ ఎవరితోనూ అనని మాట ఒకటి ఈ రోజు ఆయన పాదాల ముందు పెడుతున్నాను. ఆ గురువారం ఆ తప్పు నాదై, పోయే ఉద్యోగం ఇంకొకరిదై ఉంటే, నేను నోరు విప్పేదాన్ని కాదు. అంత ధైర్యం నాకు లేదు సార్. మీ దగ్గర మిగతా విద్యంతా నేర్చుకున్నాను. అదొక్కటి నేర్చుకుందామంటే, మీరు లేరు.