స్ప్రింగు లేచిన సీటు

మా బండి పాతది. కొన్నప్పుడే పాతది. కడియంలోని మా నర్సరీ మొక్కల్ని జంగారెడ్డిగూడెం వైపు తోటలకు చేరవేసే చిన్న పెట్రోలు ట్రక్కు. అందులో డ్రైవరు పక్క సీటు నాది. దానిలో స్ప్రింగొకటి పైకి లేచి గుచ్చుకునేది. తువ్వాలు మడతపెట్టి వేసుకుని కూర్చునేదాన్ని. అయినా ఆ సీటంటే నాకు ప్రాణం. ఇంట్లో మా ఆయనతో పట్టుమని పది మాటలు మాట్లాడే వీలుండదు. ఎప్పుడూ కూలీలు, బేరగాళ్లు, ఫోన్లు. గోదావరి వంతెన ఎక్కాక మాత్రం ఆయన నాకొక్కదానికే దొరుకుతారు.

కిందటేడు ఎండలు ముదిరే ముందు డాష్‌బోర్డు మీద ఇంజిను బొమ్మతో పసుపు లైటు వెలగడం మొదలైంది. రాజమండ్రిలో మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, ఆక్సిజన్ సెన్సర్ కోడ్ అన్నాడు. పొగగొట్టంలో కూర్చుని, పెట్రోలు సరిగ్గా కాలుతోందో లేదో ఇంజినుకి కబురు చెప్పే పరికరమట అది. కొత్తది వేశాడు. లైటు ఆరింది. నాలుగు రోజులు హాయిగా తిరిగాం, మళ్లీ వెలిగింది. మళ్లీ షెడ్డుకెళ్తే అదే కోడ్.

"కోడ్ తీసేసి తిప్పి చూస్తే రావట్లేదండి. నా దగ్గర వస్తే కదండి, ఎక్కడుందో పట్టుకునేది!" అని అతను తల గోక్కున్నాడు.

లైటు వెలిగినప్పుడల్లా బండి మూలిగేది, పెట్రోలు తెగ తాగేది. మా ఆయనకి విసుగొచ్చేసింది.

"ఇది ఇలాగే వెలుగుతూ ఉంటే నిడదవోలు బేరగాడికి ఇచ్చేస్తాను. కిరాయి బండి పెట్టుకుందాం," అన్నారు.

"కిరాయి బండిలో నేనెక్కడ కూర్చోవాలి?"

"నువ్వెందుకు? ఇంటి దగ్గర హాయిగా ఉండు."

హాయట! నాకు ఒళ్లు మండిపోయింది. పోనీ ఉన్నన్నాళ్లకైనా ఆ సీటు బాగు చేయించమంటే, అమ్మేసే బండికి దండగన్నారు.

ఆ రోజు నుంచి రోడ్డు చూడడం మానేసి లైటుకి కాపలా కాశాను. ఖాళీ బండితో తిరిగొచ్చేటప్పుడు అది వెలగదు. పక్కవాళ్ల కుండీలు వేసుకెళ్లినా వెలగదు. మా మొక్కలతో వెళ్తేనే, అదీ కొవ్వూరు దాటాక, వెలుగుతుంది. మా మొక్కల మీద దీనికేం పగ అనుకున్నాను. దేవరపల్లి దగ్గర టీకి ఆగినప్పుడు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బండి కిందకి తొంగిచూశాను. వెనక మొక్కలున్న తొట్టి సందుల్లోంచి బురదనీళ్లు బొట్లు బొట్లుగా, సరిగ్గా ఒక వైరు జాయింటు మీద పడుతున్నాయి.

ఆ నీళ్లు మా మావయ్యగారివి. పొద్దున్నే తడిపిన మొక్కల్ని బండికెక్కించాక, ఆయన మళ్లీ పైపు పట్టుకుని ఒక్కో మొక్క సంచీ పొంగేదాకా పోస్తారు. చాలండీ అంటే వినరు. "దారిలో దాహమేస్తే ఎవరినడుగుతాయమ్మా అవి?" అంటారు.

మెకానిక్ ఆ జాయింటు విప్పితే లోపలంతా ఆకుపచ్చ చిలుము. అది సెన్సర్‌కెళ్లే వైరేనట. "నా దగ్గరికి ఎప్పుడూ ఎండిపోయిన బండినే తెస్తారండి మీరు. ఎలా తెలుత్తాది?" అన్నాడు. ఆ జాయింటు మార్చి, వైరుని నీళ్లు పడనంత ఎత్తున కట్టాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, "అంతా నీ నీళ్ల వల్లే నాన్నా," అనేశారు. మర్నాడు లోడెత్తాక చూస్తే పైపు చుట్ట చుట్టినట్టే ఉంది. మావయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డారు. పైపు ఈడ్చుకొచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"వద్దమ్మా, బండి పాడైపోద్ది."

"మీరు పొయ్యకపోతే అది బాగైందో లేదో మాకెలా తెలుస్తుంది మావయ్యగారూ?"

మొదట భయం భయంగా చిలకరించారు. తర్వాత అలవాటులో పడి ఎప్పటిలాగే పొంగించారు. లైటు వెలిగితే నా సీటు పోతుందని తెలుసు. అయినా ఎక్కి కూర్చున్నాను. వంతెన దాటాం, కొవ్వూరు దాటాం. దేవరపల్లిలో టీ తాగాం. మా వెనక రోడ్డంతా నీళ్ల చారే. లైటు వెలగలేదు.

తోటలో మొక్కలు దింపుతుంటే మావయ్యగారు ఫోన్ చేశారు.

"వెలగలేదు మావయ్యగారూ," అన్నాను సంబరంగా.

"అది సరేనమ్మా. మొక్కలెలా ఉన్నాయి?"

తర్వాతి లోడు రోజున పొద్దున్నే తువ్వాలు మడతపెట్టుకుని బండెక్కాను. దాన్ని వెయ్యబోయి, చేత్తో తడిమి చూశాను. స్ప్రింగు తగల్లేదు. సీటుకి కొత్త రెగ్జిన్ వేసి ఉంది. మా ఆయన అద్దం సరిచేసుకుంటూ అటు తిరిగి కూర్చున్నారు. అమ్మేసే బండికి ఎవరూ సీటు కుట్టించరు.