పులి ఫోటో

ఏలూరు స్టూడియోకి బయల్దేరేముందు మాణిక్యం పులికి కుంకుడురసంతో ఒళ్ళు రుద్ది స్నానం చేయించింది. కిందటేడు కొల్లేరులో గాలివానకు చనిపోయిన భర్త ముత్యాలరాజు పెంచుకున్న కుక్క అది. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ముసలిదైపోతున్న పులిదైనా గోడమీద ఉండాలని ఆమె పంతం.

కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చిన ఫోటోగ్రాఫర్ వెంకట్రాజును చూసి పులి మొరిగింది. కూర్చోబెడితే లేచిపోయింది.

"కదిలితే బొమ్మ చెదిరిపోద్దండీ. ఫోటో తీసే గాజుప్లేటు ఉన్నది ఒక్కటే. దీనికన్నా మా అత్తగారు నయం, సణుక్కుంటూనైనా కూర్చుంటారు!"

మాణిక్యం బుజ్జగించింది, గదమాయించింది. పులి తలుపువైపే గుంజుతోంది.

"వెలుగు పోతోందమ్మా, ఇక లాభం లేదండీ," అంటూ వెంకట్రాజు కెమెరా మూసెయ్యబోయాడు.

మాణిక్యానికి అప్పుడే భర్త నడిపిన దోనె గుర్తొచ్చింది. ఆయన దాన్ని నెట్టే గెడ పట్టుకుని నిలబడితే చాలు, పులి ముందుకొసన కదలకుండా కూర్చునేది. మాణిక్యం మూలనున్న తెర కట్టే పొడుగాటి కర్ర అందుకుని, ఆయనలాగే కాళ్ళు ఎడంచేసి నిలబడింది.

పులి వచ్చి ఆమె ముందు కూర్చుంది. చెవి కూడా కదపలేదు.

"ఫోటోలో మీరూ పడతారండీ, పక్కకి జరగండి!"

"పడనివ్వండి బాబూ. నేను జరిగితే, ఆయన దోనె దిగిపోయాడనుకుని అదీ లేచిపోద్ది."