చెవిన పడటం, చెవి పెట్టడం

ఇప్పటికీ గనిలో దిగగానే తడి బొగ్గు వాసన ముక్కుకు తగిలితే నాకు శామ్యూల్ సార్ గుర్తొస్తారు. మణుగూరు దగ్గర భూగర్భ గనిలో నేను ట్రైనీగా చేరినప్పుడు ఆయన మా షిఫ్టుకు ఓవర్‌మన్. పని చేయించేదీ, మనుషులను క్షేమంగా పైకి పంపేదీ ఆయనే. గనిలో ఆడపిల్ల కనబడటం అప్పుడు అందరికీ వింత. కొందరు నన్ను చూసి నవ్వు ఆపుకునేవారు. సార్ మాత్రం మొదటి రోజే నా చేతికి ఇనుప కడ్డీ ఇచ్చి పైకప్పును కొట్టి చూడటం నేర్పారు. గట్టి రాయి ఖంగుమంటుంది, ఊడిపడే రాయి డొల్లగా పలుకుతుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, వాళ్ల వరండాలో కూర్చోబెట్టి నా పరీక్షకు ఇంగ్లీషు చెప్పేవారు. ఒకసారి హియర్‌కూ లిజన్‌కూ తేడా ఏమిటని అడిగారు.

"రెండూ వినుడే గద సార్."

"నీ మొకం! టీవీ మోత ఊకెనే చెవిన పడ్తది సూడు, అది హియర్. పని ఆపి చెవి పెడితే లిజన్. అందుకే దాని పక్కన 'టు' పెట్టాలె. ఎవరి దిక్కు తిరిగి వింటున్నవో తెల్వాలె గద బిడ్డా."

టీ తెచ్చిన ఆంటీ "నా మాటకైతే ఈయనది ఎప్పుడూ హియరే" అంది. సార్ గబుక్కున టీ గ్లాసు అందుకున్నారు.

ఒక రోజు నేను కొట్టిన చోట పైకప్పు ఎందుకో తేడాగా పలికింది. అంతకుముందే సీనియర్ ఒకాయన చూసి బాగుందన్నాడు. భయపడుతూనే సార్‌కు చెప్పాను. "కొత్త గద, మేడం బెదిరింది" అని లోడింగ్ మిషన్ నడిపే మల్లయ్య నవ్వాడు. సార్ నవ్వలేదు. మిషన్ ఆపించారు. వెంటనే పైనుంచి మేనేజర్ ఫోన్, బొగ్గు ఎందుకు ఆగిందని కేకలు.

"రూఫ్ వింటున్న సార్. అయినంక చెప్త" అని పెట్టేశారు.

తల ఒక పక్కకు వంచి అక్కడా ఇక్కడా కొట్టారు. "అందరు బయటికి నడువుండ్రి. జల్దీ!" అని అరిచారు. మేం పైకప్పుకు ఊతంగా దిమ్మెలు పెట్టిన చోటికి చేరామో లేదో, వెనక పైకప్పు కూలింది. మల్లయ్య నా వైపు తిరిగి దండం పెట్టాడు.

మేనేజర్ వచ్చి సార్ చేతులు పట్టుకున్నాడు. సార్ నా వైపు చూపించి, "పసిగట్టింది ఆ పిల్ల. నేను ఆ పిల్ల మాట విన్న, గంతే" అన్నారు. అంతమంది ముందు! నా గుండె పొంగిపోయింది. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నానని నేటికీ గర్వంగా చెప్పుకుంటాను.

సార్ రిటైరయ్యారు. ఆయన చేసిన పనిలో ఇప్పుడు నేనున్నాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి, పైకప్పు డొల్లగా పలికిందని చెబితే మిషన్ ఆపించాను. చుట్టూ అందరూ విసుక్కుంటున్నారు. నేనే కొట్టి చూశాను. రాయి గట్టిగానే ఉంది. అమ్మాయి తల దించుకుని "సారీ మేడం" అంది.

"సారీ ఎందుకే? రేపు గూడ అనుమానమొస్తే చెప్పు. రేపు గూడ ఆపుత" అన్నాను.