చెంచా మావయ్య యూరియా

"మళ్ళీ నీ నీళ్ళు నా చేలోకొచ్చాయిరా!"

"నీళ్ళ సంగతెవడికి కావాలన్నయ్యా? అందులో నా యూరియా వచ్చింది. తిరిగిచ్చెయ్!"

"కరిగిపోయినదాన్ని ఎలా ఇవ్వమంటావు?"

"ఎలా పుచ్చుకున్నావో అలాగే!"

గట్టుకు చెరోవైపు మొక్కజొన్న చేలలో నిలబడి అన్నదమ్ములు అరుచుకుంటుంటే, మేనల్లుడు బకెట్ బోర్లించుకుని దానిమీద కూలబడ్డాడు. కాలేజీ వదిలేసి వచ్చినందుకు పడ్డ శిక్ష ఇదేనని అతని నమ్మకం. చిన్నమావయ్య యూరియాను చెంచాతో తప్ప వెయ్యడు. మొక్కకో చెంచా. వేసి మడమతో మట్టి కప్పాలి. మోకాలెత్తున ఒకసారి, పూతకొచ్చాక ఇంకోసారి. ఊరంతా ఆయన్ని చెంచా మావయ్య అనేది అందుకే.

"పంటకు వేస్తారా, జ్వరానికి పట్టిస్తారా?" అని ఎరువుల కొట్టాయన అడిగితే, "ఆకలేసినప్పుడు పెడతాను. మీలా ఒకేసారి కుమ్మరిస్తే సగం నీళ్ళపాలు, సగం గాలిపాలు" అన్నాడు మావయ్య. ఒక్క యూరియా పలుకు కిందపడితే వంగి ఏరి మళ్ళీ బకెట్లో వేసేవాడు.

"కూరలో ఉప్పు మాత్రం గుప్పెట్లతో పోస్తారు" అనేది అత్తయ్య.

పూతకొచ్చింది. మళ్ళీ చెంచాలు. సాయంత్రానికి మేనల్లుడి నడుం తన మాట వినడం మానేసింది. చివరి సాలు దగ్గర మావయ్య చెంచా జేబులో పెట్టుకున్నాడు. రెండు దోసిళ్ళు యూరియా తీసి సాల్లో కుమ్మరించాడు. మట్టి కప్పలేదు. నీళ్ళు వదిలాడు. అటూ ఇటూ చూసి, గట్టును మడమతో ఒక్క తన్ను తన్నాడు. నీళ్ళు బిలబిలా పల్లంలో ఉన్న అన్నగారి చేలోకి దారితీశాయి.

"మావయ్యా! గండి నువ్వే కొట్టావు!"

"మెల్లగా ఏడువు."

"పలుకు పడితే ఏరతావు, ఇదేంటి?"

మావయ్య గట్టుమీద చతికిలబడ్డాడు. "ఆయన చేను చూశావా? కంకి కట్టే వేళకు అడుగాకులు పసుపుబారిపోతున్నాయి. మొన్న బస్తా పంపిస్తే గుమ్మం కూడా దాటనివ్వలేదు. అప్పు పుచ్చుకోడు, ఊరికే ఇస్తే అసలే పుచ్చుకోడు. తగువైతే ఎంతైనా పుచ్చుకుంటాడు."

మేనల్లుడికి నవ్వొచ్చింది. నవ్వితే నడుం పట్టేసింది.

"నా గొంతు పోయిందిరా" అన్నాడు మావయ్య నీరసంగా. "రేపు పొద్దున ఆ కేకలు నువ్వు వెయ్యి. యూరియా దొంగ అను. పెద్దాయన కదా అని మెత్తబడకు, అనుమానమొస్తుంది."